మొదటి మంచు మూట

మొదటి మంచు పడిన రోజు మా అత్త జూన ఎవరి చేతినుంచీ ఏదీ తీసుకోదు. మంచినీళ్ళిచ్చినా కింద పెట్టమంటుంది. ఆ రోజు మా ఊళ్ళో పిల్లా పెద్దా అందరికీ ఒకటే పని. కాస్త మంచు గుడ్డలో మూటగట్టి, ఏదో అబద్ధం అల్లి, ఎవరో ఒకరి చేతిలో పెట్టేయడం. తెలియక తీసుకున్నవాళ్ళు ఓడినట్టు. ఓడినవాళ్ళు విందు పెట్టాలి. గెలిచినవాళ్ళు అక్కడికక్కడే రాగి పళ్ళెం మోగిస్తే, ఆ చప్పుడుకి వీధంతా కదిలొచ్చి, ఓడినవాళ్ళ మొహం చూసి నవ్వి పోతుంది. అబద్ధం ఎంత పెద్దదైతే ఆటలో అంత గొప్ప. కాపురానికొచ్చిన నాటినుంచి మా అత్త ఒక్కసారీ ఓడలేదు. ఆ సంగతి ఆవిడ చెప్పుకోని రోజూ లేదు. విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి.

ఈసారి మంచు తొందరపడింది. చెట్లకింకా ఆకులున్నాయి. మా తోటలో సగం యాపిళ్ళు కొమ్మలమీదే ఉన్నాయి. మిగతా సగం పెట్టెల్లోకెక్కి, రేకుల కొట్టంలో షోపియాన్ మండీకి వెళ్ళే లారీ కోసం ఎదురుచూస్తున్నాయి. ఇంట్లో కిటికీలకు ప్లాస్టిక్ కాగితం కొట్టలేదు, పొయ్యికి కట్టెలు చీల్చలేదు. ఎండు సొరకాయ ముక్కల దండలు వసారాలోనే వేలాడుతున్నాయి. నా మొగుడు నిసార్ పెట్టెలకు కాపలాగా ఆ కొట్టంలోనే పడుకుంటున్నాడు.

ముందురోజు సాయంత్రం వాన మంచుగా మారుతుంటే నేను తోటకి వెళ్ళి ఆయన్ని బతిమాలి ఇంటికి తీసుకొచ్చాను. కొట్టం గుంజలు పుచ్చిపోయాయని ఆయనే ఎన్నోసార్లు నాతో అన్నాడు. ఇంకా గడప దాటనే లేదు, మా అత్త అడ్డంగా నిలబడింది.

"ఆకు రాలకముందు పడ్డ మంచు మధ్యాహ్నానికల్లా నీళ్ళయిపోతుందిరా. ఏడాది కష్టాన్ని దొంగలకు వదిలేసొచ్చి పెళ్ళాం కొంగు పట్టుకు కూర్చుంటావా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మాత్రం తల్లికి ఎదురు చెప్పే మనిషి కాడు. చల్లారిన తన చేతి కుంపటి కాంగ్డీలో పొయ్యిలోంచి నాలుగు నిప్పులు వేయించుకుని, దాన్ని ఫెరన్ అంగీ కింద పొట్టకు ఆనించుకుని వెనక్కి వెళ్ళిపోయాడు. వీధి మలుపులో తిరిగి చూసి నవ్వాడు.

తెల్లారేసరికి మోకాలి లోతు పడింది, ఇంకా పడుతూనే ఉంది. మాఘమాసపు పొడి మంచు కాదది. తడి మంచు, పిండని దుప్పటిలా బరువు. ఆకులున్న కొమ్మలు ఆ బరువుకి ఆగలేక తుపాకీ పేలినట్టు ఢాం ఢామ్మని విరుగుతున్నాయి. మా వైపు అలాంటి చప్పుడు వింటే ఎవరైనా ముందు కిటికీకి దూరంగా జరుగుతారు. అది కొమ్మేనని ఆ తర్వాత గుర్తొస్తుంది. కరెంటు లేదు. ఫోన్లు మూగబోయాయి. తోటకి వెళ్ళొస్తానన్నాను. ముందు ఇంటికప్పు దులపమంది మా అత్త, లేకపోతే మన నెత్తినే కూలుతుందంది. ఆ మాట అబద్ధం కాదు. పైన దూలాలు మూలుగుతూనే ఉన్నాయి. నేను పొడుగు కర్రపార తీసుకుని అటకెక్కి, గాలి కోసం పెట్టిన కంతలోంచి కప్పు దులపసాగాను.

కింద మా అత్త కిటికీ దగ్గర తన కాంగ్డీ ఒళ్ళో పెట్టుకుని వీధిని కాపలా కాస్తోంది. రొట్టెలు తెచ్చానంటూ వచ్చిన రొట్టెల కాదిర్ కూతుర్ని అప్పటికే తరిమేసింది. ఆ తర్వాత వచ్చింది ముఖ్తా. తోట అంచున మాకు ఎగువనున్న ఇల్లు ఆమెది. మొగుడు లారీతో కిందికి వెళ్ళి దారిలో ఇరుక్కుపోతే ఒంటరిగా ఉంది. అత్తను ఓడించాలని ఏటా ఏదో ఒక కథ పట్టుకొచ్చే మనిషి. పార చప్పుడులో నాకు మా అత్త నవ్వూ, గడియ వేసిన మోతా తప్ప ఏమీ వినపడలేదు. ఆ మాటలన్నీ తర్వాత ముఖ్తా చెబితే తెలిశాయి.

"జూనక్కా, కొట్టం కూలింది. నిసార్ దాని కింద ఉన్నాడు. ఇది పట్టుకో, మనుషుల్ని పిలు."

"పోయినేడు నా ఆవు చచ్చిందన్నావు. ఈ యేడు నా కొడుకా? అబద్ధానికైనా ఓ హద్దుండాలే."

"అబద్ధం కాదక్కా. ఒక్కసారి చేత్తో పట్టుకుని చూడు."

"పట్టుకుంటాను, పట్టుకుంటాను, నీకు బిర్యానీ కూడా వండిపెడతాను. గడప మీద పెట్టి పోవే."

నేను ఆ కంతలోంచి తల బయటపెట్టాను. ముఖ్తా పక్కింటి తలుపు బాదుతోంది. లోపలినుంచి నవ్వులు. ఆ పైయింటి తలుపు బాదింది. అక్కడా నవ్వులే. ఊరంతా ఒకరి అబద్ధానికి ఒకరు తలుపులు బిగించుకున్న రోజది. మంచులో పడుతూ లేస్తూ పరిగెత్తుతున్న ముఖ్తా తలమీద గుడ్డ లేదు. తల ఆరబెట్టుకునేటప్పుడు కూడా గుడ్డ తీయని మనిషి, వీధిలో ఉత్తి తలతో ఉంది. ఆటకోసం ఏ ఆడదీ అలా రాదు.

నిచ్చెన ఎలా దిగానో నాకే తెలియదు. తలుపు తీస్తే గడప మీద మూట ఉంది. ముఖ్తా తలగుడ్డే. దానిమీద అప్పుడే వేలెడు మంచు పేరుకుంది.

"ముట్టుకోకే హాజ్రా. నువ్వు తీసుకున్నా ఓడేది ఈ ఇల్లే," అంది మా అత్త వెనకనుంచి.

తీసుకున్నాను. ముడి విప్పాను. లోపల నిసార్ ఉన్నిటోపీ. నేను అల్లిందే. ఒకవైపంతా తడిసి, ఎర్రగా, వేళ్ళకు అంటుకుంది. కూలిన కొట్టం పక్కన దొరికిన నెత్తుటి టోపీ తల్లికి అలాగే చూపించడానికి మనసొప్పక, ఆ పిచ్చిది తన తలగుడ్డ తీసి చుట్టి తెచ్చింది. దాన్ని చూశాక కూడా మా అత్త మొహం మీద నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది. తిట్టడానికి నాకు తీరిక లేదు.

కరెంటు లేక మసీదు మైకు పలకదు. ముఖ్తా గొంతు పోయేలా అరిచినా ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఇక నేను అరిస్తే మాత్రం ఎవరు నమ్ముతారు? గోడకున్న పెద్ద రాగి పళ్ళెం, గరిటె తీసుకుని వీధి మధ్యకు వెళ్ళి బాదాను. "జూన ఓడిపోయింది," అని అరుస్తూ బాదాను.

ఇల్లు అంటుకుందన్నా అంతమంది వచ్చేవారు కాదు. తలుపులన్నీ తెరుచుకున్నాయి. పిల్లల్ని భుజాలమీదెక్కించుకుని మరీ వచ్చారు. కాదిర్ కాకా చేతుల పిండి దులుపుకుంటూ, విందుకు కోసేది వేటనా కోడినా అని మా అత్తనడిగాడు. నేను టోపీ పైకెత్తి, కొట్టం కూలిందని చెప్పాను. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కాదిర్ కాకా మారుమాట్లాడకుండా ఇంట్లోకి వెళ్ళి పార పట్టుకొచ్చాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ పరిగెత్తారు.

తోట ఎక్కేసరికి నడుం లోతు. కొట్టం నేలమట్టమైంది. తెల్లటి మంచులో అంత ఎరుపు చూసి నేను హడలిపోయాను. యాపిళ్ళవి. పెట్టెలు పగిలి చెల్లాచెదురయ్యాయి. మగవాళ్ళు పారలతో తోడుతున్నారు, రేకులు లేపుతున్నారు. వాళ్ళ మధ్య మా అత్త మోకాళ్ళమీద కూర్చుని ఉత్త చేతులతో తవ్వుతోంది. జన్మలో ఎవరూ మంచు పెట్టలేకపోయిన చేతులు. రేకు అంచులు తగిలి నెత్తురోడుతున్నా ఎవరూ ఆమెను లేపలేకపోయారు.

ఆయన పెట్టెల వరస కింద దొరికాడు. కాంగ్డీ పొట్ట దగ్గరే నలిగిపోయి ఉంది. కాదిర్ కాకా ఫెరన్ లోపలికి చెయ్యి పోనిచ్చి గుండె మీద పెట్టాడు. చాలాసేపు తీయలేదు.

"ఇంకా వెచ్చగానే ఉన్నాడు," అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. కాకా చెయ్యి బయటికి తీసుకున్నాడు. నా మొహం చూడలేదు.

"ఇప్పుడేనమ్మా. ఇప్పుడే పోయాడు."

మంచు ఆ మధ్యాహ్నమే కరగడం మొదలుపెట్టింది. మా అత్త చెప్పినట్టే.

నాలుగో రోజు, మా ఆచారం ప్రకారం, ఊరంతా మా ఇంట్లో భోంచేసింది. పళ్ళేనికి నలుగురు చొప్పున కూర్చున్నారు. నేను మోగించిన పళ్ళెంలోనూ అన్నం వడ్డించారు. ఓడినవాళ్ళు విందు పెట్టాలన్నది ఎవరూ అనలేదు. అనకపోయినా అందరికీ తట్టే ఉంటుంది. తలలెత్తకుండా తిన్నారు. నేను మా అత్తతో మాట్లాడటం మానేశాను. ఆ ఉదయం ఆవిడ ఒక్క చెయ్యి చాపి ఉంటే నా మొగుడు నాకు దక్కేవాడు. ఈ మాట ఎవరొచ్చి కాదన్నా నేను వినను.

మగవాళ్ళు వెళ్ళిపోయాక ఆడవాళ్ళం గోడవారగా కూర్చున్నాం. ముఖ్తా గుమ్మం పక్కన ఉంది, తలమీద కొత్త గుడ్డతో. మా అత్త మెల్లగా లేచి ఆమె ముందుకెళ్ళి కూలబడింది. కట్లు కట్టిన రెండు చేతులూ చాపింది.

"ఇయ్యవే ముఖ్తా. తీసుకుంటాను."

ముఖ్తా చేతుల్లో ఏమీ లేదు. ఏం చెయ్యాలో తోచక నావైపు చూసింది. మా అత్త చేతులు చాలాసేపు అలాగే చాచి ఉన్నాయి. పట్టుకోవడానికి నేను లేవలేదు.