నాలుగు వేల మందికి పండగ పలకరింపు

ముందుగా క్షమించాలి. అరవై దాటాక తెలుగు సంఘం బడిలో అక్షరాలు దిద్దినదాన్ని. వత్తులు, దీర్ఘాలు తప్పిన చోట సర్దుకుని చదువుకోండి. ఈ కాస్త రాయడానికే నాకు నెల పట్టింది.

మలేషియాలో మా ఊరు ఈపోలో తియో బూన్ హాక్ అనే టౌకేకి పేము కుర్చీల కంపెనీ ఉంది. టౌకే అంటే మా దగ్గర యజమాని. ఆయన దగ్గర పదహారేళ్ళుగా రొహానీ గుమాస్తా. వచ్చిన ఈమెయిళ్ళు చదవడం, జవాబులు రాయడం ఆవిడ పని.

ఒక సోమవారం ఒసాకా నుంచి నిషిమురా అనే పెద్ద కొనుగోలుదారు ఫోన్ చేశాడు. కుర్చీల ధరలు రాసి పంపమని రెండు వారాల కిందట అడిగితే ఇంతవరకూ రాలేదట. శుక్రవారంలోగా కంపెనీ సొంత ఈమెయిల్ నుంచి రాకపోతే ఇండోనేషియా వాళ్ళ దగ్గర కొనుక్కుంటాడట. రొహానీ ఆ ఉత్తరం మూడుసార్లు పంపింది. మూడుసార్లూ తిరిగొచ్చింది. నిషిమురాకే కాదు, పెద్ద పెద్ద మెయిల్ కంపెనీల్లో ఖాతా ఉన్న ఎవరికి పంపినా అదే గతి. ఆ మాట ఆవిడ టౌకేకి వారం కిందటే చెప్పింది. ఆయన వినలేదు.

"పంపావా, పంపాననుకున్నావా?" అన్నాడు టౌకే.

"పంపాను టౌకే. తిరిగొచ్చింది."

"కుర్చీ తిరిగొచ్చిందంటే నమ్ముతా. ఈమెయిల్ ఎలా తిరిగొస్తుంది? చూడు కక్ రొహానీ, శుక్రవారానికి అది వెళ్ళకపోతే నువ్వు వెళ్ళు."

అక్క అని పిలుస్తూనే ఉద్యోగం పీకేయగల మర్యాదస్తుడాయన. రొహానీకి యాభై మూడేళ్ళు. ఆ జీతం మీద ఇద్దరు మనవలు చదువుకుంటున్నారు.

టౌకే తన క్లబ్బు స్నేహితుడి అల్లుడు డెస్మండ్‌ని పిలిపించాడు. చేతిలో రెండు ఫోన్లు, మెడలో ఏదో కంపెనీ కార్డు ఉంటే చాలు, మా ఊళ్ళో మనిషి నిపుణుడైపోతాడు. డెస్మండ్ తెరకేసి చూసి, పెద్ద కంపెనీలకి చిన్న కంపెనీలంటే గిట్టదని తేల్చాడు. ఈమెయిల్ కింద కంపెనీ గుర్తును ఇంకాస్త పెద్దది చేశాడు. కంప్యూటర్ బల్లను గోడ వైపు నుంచి కిటికీ వైపుకి తిప్పించాడు. పరీక్షించడానికని ఒకే ఈమెయిల్‌ని నలభైసార్లు పంపాడు. నలభయ్యీ తిరిగొచ్చాయి. అతని ముఖంలో సిగ్గు వెతికినా కనబడలేదు. "చూశారా అంకుల్, అంతా పగే," అన్నాడు. టౌకే తల ఊపి అతనికి కాఫీ తెప్పించాడు.

మంగళవారం రొహానీ ఎవరూ చేయని పని చేసింది. తిరిగొచ్చిన వాటిని చదివింది. ఇంగ్లీషూ అంకెలూ కలిసి ఉంటాయని అందరూ చూడకుండానే చెరిపేసేవారు. అక్కర్లేని మెయిళ్ళు పంపుతున్నారని మీ మీద ఫిర్యాదులు ఎక్కువయ్యాయి, అందుకే ఆపేశాం, అని అందులో స్పష్టంగానే ఉంది. సంజాయిషీ ఎక్కడ రాసుకోవాలో కూడా ఉంది.

అక్కర్లేనివి ఎవరు పంపారని ఆవిడ వెనక్కి వెతికింది. పంపింది టౌకేనే.

మా దేశంలో పక్కవాడి పండగకి పలకరించకపోతే తప్పు. ఆ మర్యాదని టౌకే వ్యాపారం చేశాడు. ఏటా సంతల్లో కుర్చీ లాటరీ అని గాజు జాడీ పెట్టి, జనం వేసిన విజిటింగ్ కార్డుల మీది ఈమెయిళ్ళన్నీ ఎక్కించుకున్నాడు. నాలుగు వేల పైచిలుకు. వాళ్ళలో సగం మంది ఉద్యోగాలు మారారు, కొందరు ప్రాణాలతోనే లేరు. ముస్లింల హరిరాయకి నల్ల టోపీతో, దీపావళికి పంచెతో, బౌద్ధుల వేసాక్‌కి తెల్ల బట్టలతో, క్రిస్మస్‌కి ఎర్ర టోపీతో తన ఫొటో అందరికీ పంపేవాడు. కింద కుర్చీల రేట్లు. అవి అందిన వాళ్ళు విసుగెత్తి ఫిర్యాదు మీట నొక్కారు.

కంపెనీ పేరుతో మెయిళ్ళు పంపే హక్కు ఏ యంత్రానికుందో చెప్పే నమోదు కూడా లేదని ఆ తిరిగొచ్చిన వాటిలోనే రాసి ఉంది. రొహానీ తమకు ఇంటర్నెట్‌లో ఆ పేరు అద్దెకిచ్చిన వాళ్ళకి ఫోన్ చేసింది. అక్కడి అమ్మాయి పది నిమిషాల్లో ఆ నమోదు ఎక్కించింది. డెస్మండ్ బల్ల జరపడానికి పట్టిన సమయంలో సగం.

ఇక మిగిలింది సంజాయిషీ. టౌకే తానే చెప్పి రాయించాడు. పోటీదారుల కుట్ర అట, నలభై ఏళ్ళ పరువు అట. గంటలో మెయిల్ కంపెనీల నుంచి జవాబొచ్చింది, కుదరదని. బుధవారం మళ్ళీ అదే, ఇంకాస్త కోపంగా. మళ్ళీ కుదరదు.

గురువారం పొద్దున రొహానీ తనకు తోచింది రాసి, కాగితం ఆయన ముందు పెట్టింది. మా యజమాని అడగని నాలుగు వేల మందికి పండగలన్నిటికీ తన ఫొటో పంపారు. అది తప్పని మాకు తెలియలేదు. ఆ జాబితా చెరిపేశాం. ఇకపై అడిగిన వాళ్ళకే పంపుతాం.

టౌకే చదివి ఎర్రబడ్డాడు. "పరాయివాళ్ళ ముందు నన్ను వెధవని చేస్తావా?"

"వాళ్ళకి నాలుగు వేల మంది ముందే చెప్పారు టౌకే. నేను ఒప్పుకుంటున్నానంతే. రేపు నేను ఎలాగూ వెళ్ళాల్సినదాన్నే. నిషిమురా కూడా వెళ్ళాలా, వద్దా?"

ఆయన ఊఁ అన్నట్టు చెయ్యి విసిరాడు. రొహానీ ఆయన ఎదుటే జాబితా చెరిపి, సంజాయిషీ పంపింది.

సాయంత్రం నాలుగింటికి అడ్డు తీసేశామని జవాబొచ్చింది. నాలుగుంబావుకి ధరల ఉత్తరం వెళ్ళింది. అందిందని నిషిమురా ఒక్క ముక్క రాశాడు. బల్ల తిప్పడం పనిచేసిందని టౌకే క్లబ్బులో చెప్పుకున్నాడు. రొహానీ సోమవారం తన కుర్చీలోనే కూర్చుంది, ఈమెయిల్ రహస్య పదం మార్చేసి.

ఆ వారమే దీపావళి. టౌకే పంచె కట్టుకుని ఫొటో దిగి వచ్చి, పంపమన్నాడు.

"తప్పకుండా పంపుతా," అంది రొహానీ. "దారిలో ఎదురైతే మిమ్మల్ని ఆగి పలకరించే వాళ్ళ పేర్లు చెప్పండి టౌకే. రాసుకుంటాను."

ఆయన వేళ్ళు మడుస్తూ చెప్పసాగాడు. ఏడో వేలు దగ్గర ఆగి, ఆలోచిస్తూ నిలబడిపోయాడు.

కోరాడ పైడమ్మ, డెబ్బై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు ఉంటున్నది బుంటోంగ్, ఈపో.