ఎడమ పక్క దూది

మా వదిన ఫోన్లో మనుషుల పేర్లుండవు. 'చంక బిగుతు', 'మెడ లోతు', 'లావు చేతులు', 'మూడుసార్లు విప్పించిన నర్సు', ఇలా ఉంటాయి. ఆవిడ ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది. ఒకే పేరున్నవాళ్ళు వీధికి నలుగురుంటే పేరేం గుర్తుంటుంది, ఒళ్ళయితే గుర్తుంటుంది అంటుంది. నన్నేమని రాసుకుందోనని ఒకసారి ఫోను లాక్కుని చూశాను. 'నోరు' అని ఉంది. కాజాలు కుట్టి, హుక్కులు వేసి, కొట్లో సగం చాకిరీ చేసే సొంత ఆడపడుచుకి దక్కిన మర్యాద అది!

ఆ నోరు నాకు లేకపోతే ఈ కథ మీకు చెప్పేవాళ్ళూ ఉండరు. మా వదిన గురించి ఆవిడంతట ఆవిడ ఒక్క ముక్క చెప్పుకోదు.

బట్ట అంచులు కొట్టే ఓవర్‌లాక్ మిషన్ కొనాలని ఆవిడకు ఎప్పటినుంచో కోరిక. అప్పిచ్చే యాప్ ఏదో ఉందని ఎవరో చెబితే ఫోన్లోకి దింపుకుంది. అది అడిగినదానికల్లా 'సరే' నొక్కుకుంటూ పోయింది. చివర్లో వడ్డీ ఎంతో చూసి, "వీళ్ళ దుంపతెగ!" అని యాప్ తీసిపారేసింది. చేతికి పైసా రాలేదు, ఖాతాలో పైసా పడలేదు. అయినా నెల తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి. తీసుకున్న అప్పు వడ్డీతో సహా కట్టమని.

ఫోన్ చేసినవాడు మొదటి రోజు 'మేడమ్' అన్నాడు. తర్వాత 'నువ్వు' అన్నాడు. ఆ తర్వాత అన్నవి నేనిక్కడ రాయను. వదిన ఫోను మిషన్ బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కి, కుట్టుకుంటూనే వినేది. అరుపులు ఆగినప్పుడల్లా ఒక్కటే ప్రశ్న.

"అప్పు ఏ రోజు ఇచ్చావు బాబూ? ఏ ఖాతాలో వేశావు? అది చెప్పు."

"ముందు డబ్బు కట్టవే, తర్వాత అన్నీ చెప్తా!"

"ముందు అది చెప్పు. కాసేపుండు, దారం తెగింది, ఎక్కించుకుంటాను."

నాకంత ఓపిక ఎక్కడిది! ఒంటికాలి మీద లేచి ఫోను అందుకున్నాను. "నీ నోట్లో మన్ను పడ! నీ ఇంట్లో ఆడవాళ్ళు లేరురా?" అని మొదలుపెట్టి, నాకు తెలిసినవన్నీ అనేశాను. వాడు తిరిగి రెండింతలు అన్నాడు. చివరికి ఏడుస్తూ కూర్చున్నది నేను. వదిన నా చేతిలోంచి ఫోను తీసుకుని, "అయిందా బాబూ? ఇంతకీ ఏ ఖాతాలో వేశావు?" అంది.

మా అన్నయ్య డిపోలో బస్సులు రిపేరు చేస్తాడు. ఇంజన్ కింద దూరమంటే దూరుతాడు గానీ గొడవంటే ఆమడ దూరం. "పోనీ కట్టేద్దామే, పీడ పోతుంది" అన్నాడు.

"ఒకసారి కట్టామంటే తీసుకున్నామని ఒప్పుకున్నట్టే. రేపు ఇంకో అప్పు పుట్టిస్తారు. అదీ కడతావా?"

అన్నయ్య క్యారియర్ అందుకుని డిపోకి బయల్దేరాడు.

వదిన బ్యాంకుకు వెళ్ళి ఖాతా లెక్కలు రాయించుకొచ్చింది. అవి పట్టుకుని నన్ను వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకు వెళ్ళింది. ఫిర్యాదు తీసుకున్నారు. విచారణకు టైం పడుతుందని, ఈలోగా ఒక్క పైసా కూడా కట్టొద్దని చెప్పారు. బయటికొస్తూ, "చూశావా, తప్పు మనది కాదని ఇంకొకళ్ళు కూడా అన్నారు" అంటూ చిన్నపిల్లలా మురిసిపోయింది. నేనూ కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

మర్నాడే వాడు ఫోటో పంపాడు. వదిన ఫోన్లోని నంబర్ల జాబితా మొత్తం, ఆవిడ రాసుకున్న పేర్లతో సహా! యాప్ దింపినప్పుడే అన్నీ పట్టుకుపోయారన్నమాట. రేపు సాయంత్రంలోగా డబ్బు కట్టకపోతే వీళ్ళందరినీ కలిపి వాట్సాప్ గ్రూపు పెడతానని, 'ఈవిడ దొంగ' అని వదిన ఫోటో వేసి, కింద ఈ జాబితా పెడతానని రాశాడు. 'నీ కస్టమర్లను నువ్వేమని పిలుస్తున్నావో వాళ్ళూ చూసుకుంటారు' అని కూడా రాశాడు, తెలివైన వెధవ.

'లావు చేతులు' లెక్చరర్ గారు చూస్తే ఏమవుతుందో తలచుకుని నాకు అంత బాధలోనూ నవ్వొచ్చింది. వదిన నవ్వలేదు. జాబితా మీద వేలు జరుపుతూ జరుపుతూ ఒకచోట ఆగిపోయింది. ఇన్నాళ్ళ బూతులకు చలించని మనిషి ముఖం తెల్లగా పాలిపోయింది.

అక్కడ 'ఎడమ పక్క దూది' అని ఉంది.

"ఎవరు వదినా?"

"ఎవరైతే నీకెందుకు? ఆపరేషన్ అయింది ఆవిడకి. జాకెట్టు లోపల దూది పెట్టి, రెండు వైపులా ఒక్కలా కనిపించేట్టు కుడతాను. డాక్టరుకి, ఇంట్లోవాళ్ళకి, నాకు తప్ప తెలీదు. నన్ను నమ్మి నా ముందు జాకెట్టు విప్పిందే ఆవిడ." వదిన ఆ పేరు మీద వేలు అడ్డం పెట్టింది. "పక్కన నంబరు కూడా ఉంది. ఊళ్ళో సగం మందికి తెలిసిన నంబరు."

ఎవరని మళ్ళీ అడగలేదు. నా నోటికి తాళం పడిన రోజు అదొక్కటే.

వదిన బీరువా తీసి, మిషన్ కోసం దాచుకున్న డబ్బు బయటపెట్టింది. "నా పరువు కోసమైతే చచ్చినా కట్టను. ఇది నా పరువు కాదు" అంది. డబ్బు సంచిలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "అయినా ఆవిడ సంగతి ఆవిడని అడక్కుండా నేనెవర్ని తేల్చడానికి?" అని సంచి నా చేతికిచ్చి, బ్యాంకు కాగితం మాత్రం పట్టుకుని ఒక్కతే వెళ్ళింది.

తిరిగి మామూలుగానే వచ్చింది. మిషన్ దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు.

"ఏమందీ?"

"తిట్టింది. ఫోన్లో అలా రాసుకుంటారా, బుద్ధి లేదా అంది. నిజమే కదా, పడ్డాను. కట్టేస్తానండీ అంటే మాత్రం వద్దంది. నా పేరు చెప్పుకుని వాడికి డబ్బు కట్టావంటే నీ గడప తొక్కను అంది."

మర్నాడు సాయంత్రం వాడన్నంత పనీ చేశాడు. గ్రూపులో వదిన ఫోటో, 'దొంగ' అనే మాట, దాని కింద జాబితా. కొట్లో మేమిద్దరం ఫోను వంక చూస్తూ కూర్చున్నాం. 'మెడ లోతా? నేనా?' అని ఎవరో రాశారు. 'ఇంత అవమానమా' అని ఇంకొకరు. 'ఈ దూది ఏంటి? ఈ నంబరు ఎక్కడో చూసినట్టుందే' అని మరొకరు. వదిన చీర చెంగు నోటికడ్డం పెట్టుకుంది.

అప్పుడు ఆ నంబరు నుంచే వచ్చింది.

'ఎడమ పక్క దూది నేనే. క్యాన్సర్ వచ్చి రొమ్ము తీసేశారు. అది ఎవరికీ తెలియకుండా ఇన్నేళ్ళు నాకు బట్టలు కుట్టిన మనిషి ఈవిడ. ఈవిడ అప్పు తీసుకోలేదు, బ్యాంకు కాగితం నేను చూశాను. మీ ఫోన్లకు బెదిరింపులు వస్తే దాచుకోండి, పోలీసులకు ఇద్దాం.' కింద సంతకంలా రాసింది: బడి పెద్ద టీచరు.

పెద్ద టీచరు! ఆవిడ వస్తుంటే మా వీధిలో మగాళ్ళు కూడా చొక్కా గుండీలు సర్దుకుంటారు. నేను నోరు వెళ్ళబెట్టాను. గ్రూపులో తర్వాత 'లావు చేతులు నేనే, ఉన్నమాటేగా' అని వచ్చింది. 'మూడుసార్లు విప్పించింది నేనే, నాలుగోసారి కూడా విప్పిస్తాను, నా దగ్గరా స్క్రీన్‌షాట్లు ఉన్నాయి' అని నర్సు రాసింది. ఇక వరసపెట్టి వచ్చిపడ్డాయి. ఇందాక అవమానం అన్నావిడే వాణ్ణి కడిగిపారేసింది. వాడు గ్రూపులోంచి జారుకున్నాడు. మళ్ళీ ఫోను చెయ్యలేదు.

వదిన మిషన్ మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. నా జన్మలో ఆవిడ ఏడవడం అదే చూడ్డం. ఇలాంటి మనిషిని మా ఇంటికి తెచ్చినందుకు మా అన్నయ్య పిరికితనాన్ని ఆ రోజుకి క్షమించేశాను.

వారం గడిచాక పెద్ద టీచరు పట్టపగలు గుడ్డ పట్టుకుని కొట్లోకొచ్చింది. నేను లేచి నిలబడ్డాను. వదిన తలెత్తలేకపోయింది.

"పేర్లన్నీ మార్చేశానండీ."

"మంచిపని చేశావు. ఈ గుడ్డ చూడు, పల్చగా బావుంది కదా? దీనికి దూది పెట్టకు."

"అంటే..."

"అంటే ఏముంది? ఉన్నదున్నట్టు కుట్టు."

వదిన ఆవిడ ముఖంలోకి చూసింది. తర్వాత మెడలోని టేపు తీసింది.

"అయితే ఎడమ పక్క కొత్తగా కొలవాలండీ" అంది.

పెద్ద టీచరు చేతులు రెండూ పక్కలకు చాపి నిలబడింది.