చిమ్నీలో దింపిన రేకు

పెళ్లయిన మూడో నెలలో హరిప్రియకు ఆరేసిన బట్టలు చూసుకోవడమే ఒక సంబరం. బిలాస్‌పూర్ ఊరి చివర, రోలింగ్ మిల్లు వెనక వాళ్ల అద్దె ఇల్లు. కాపురానికి వచ్చిన కొత్తలో మిల్లు చిమ్నీ పొగకు దండెం మీది చీర సాయంత్రానికి మసిబారేది. డిసెంబరు వచ్చేసరికి ఆ పొగ పలచబడింది. పలచబరిచింది తన మొగుడే. తెల్లచీర మడతపెట్టినప్పుడల్లా ఆమెకు నవ్వొచ్చేది. ఎవరైనా చూస్తారని పమిట నోటికి అడ్డం పెట్టుకునేది.

రమణబాబు అక్కడ ఫర్నేసు సూపర్‌వైజర్. ఇనుప దిమ్మల్ని ఎర్రగా కాల్చి కడ్డీలుగా సాగదీసే మిల్లు అది. అతని తండ్రి తిరుమలరావు ముప్ఫై ఏళ్లు రైలు ఆవిరి ఇంజన్ మీద పనిచేసి రిటైరయ్యాడు. ఒకరోజు భోజనాల దగ్గర ఆయనే అన్నాడు.

“మీ చిమ్నీ నల్లగా కక్కుతున్నాది. అదేటనుకున్నావు? గాలి ఊపుకి కాలకుండానే ఎగిరిపోయిన బొగ్గు. మా ఇంజన్లో గొట్టం కేసి చూసే గాలి సరిచేసీవాళ్లం. సన్నగా బూడిదరంగు పొగుండాల, అంతే.”

ఆ మాట రమణబాబుకు పట్టుకుంది. వేడి ఊరికే పైకి పోకుండా, చిమ్నీ దారికి అడ్డంగా ఉండే ఇనుప రేకును రోజుకు కొంచెం దింపుతూ వచ్చాడు. రేకు సగానికి దిగేసరికి బొగ్గు ఐదో వంతు తగ్గింది. మేనేజరు అతనికి అందరి ముందూ షేక్‌హ్యాండిచ్చాడు.

ఆ ఆదివారం అర్పా నది వంతెన మీద ఇద్దరూ వేరుశనక్కాయలు ఒలుచుకు తిన్నారు.

“మనం మిగిల్చిన బొగ్గంతా గాలిలో కలవని కార్బన్, తెలుసా? అది భూమిని వేడెక్కిస్తుందని పత్రికలో రాశారు” అన్నాడతను.

“అచ్ఛా. భూమిని తరవాత చల్లబరుద్దురు గాని, ముందు నా వాటా కూడా మీరే తినేస్తున్నారు, అది చూసుకోండి.”

జనవరిలో చలి ముదిరింది. చలికాలంలో ఫర్నేసు వెనక చలిగాలికి అడ్డంగా గోనెపట్టాలు తెరల్లా కట్టుకుని, వేడి ఇటుకల మీద క్యారియర్లు వెచ్చబెట్టుకుని, ఆ మరుగునే తిని కాసేపు నడుం వాల్చడం అక్కడివాళ్ల అలవాటు. దిమ్మలు తోసే పోలయ్య కూడా ఆవేళ మధ్యాహ్నం అలాగే తిని పడుకున్నాడు. సైరన్ మోగినా లేవలేదు.

వీళ్లలాగే తెలుగునేల నుంచి బతకడానికి వచ్చిన పోలయ్యది వీళ్ల ఇంటికి మూడో ఇల్లు. అతని భార్య చిన్నతల్లి హరిప్రియకు రోలు ఎరువిచ్చి, పిండి రుబ్బడం నేర్పింది. నాలుగింటికి శవాన్ని తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. దాంతోపాటే మిల్లువాళ్ల మాటా వచ్చింది, తాగి పడుకున్నాడని.

“ఏనాడు తాగినాడమ్మా ఆడు?” చిన్నతల్లి కనపడ్డవాళ్లందర్నీ అదే అడుగుతోంది. “సుట్ట కూడా కాల్చడు.”

“సెంపలు సూడండి, ఎలా ఎర్రబడ్డాయో” అందొక ముసలామె. “తాగినోళ్లకే అలాగవుద్ది.”

హరిప్రియ చూసింది. చలికి అందరి మొహాలూ పాలిపోయి ఉన్నాయి. చనిపోయినవాడి చెంపలు మాత్రం గులాబీ రంగులో ఉన్నాయి. బీఎస్సీలో చదివిన పేజీ కళ్లముందు కదిలింది. కార్బన్ మోనాక్సైడ్. రంగుండదు, వాసనుండదు, రక్తాన్ని ఎర్రగా ఉంచి మనిషిని చంపుతుంది.

ఇంటికొచ్చేసరికి రమణబాబు బూట్లు విప్పకుండా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

“ఏవండీ, ఆ రేకు దింపాక లోపలి గాలి ఎటు పోతోంది?”

అతను తలెత్తలేదు. “తలుపు సందుల్లోంచి. ఇటుకల పగుళ్లలోంచి. వెనక్కి.”

“మీకు ముందే తెలుసా?”

“ఈ వారం ఇద్దరు తలనొప్పన్నారు. చలికేమో అన్నాను.”

గుమ్మంలోంచి తిరుమలరావు గొంతు వినిపించింది. “మా ఇంజన్ కదులుతా ఉండీది. నాలుగు పక్కలా గాలే. పైన కప్పున్న షెడ్డులో ఇలాగవుద్దని నాకేటి తెలుసురా.”

“మేనేజరు కాయితం రాశాడు, తాగి ఉన్నాడని” అన్నాడు రమణబాబు. “రేపు నేను సంతకం పెట్టాలి. రేకు అలాగే ఉంచమన్నాడు. నోరెత్తితే ఉద్యోగం ఉండదు.”

“ఆరింటికి తరవాతి షిఫ్టు ఎక్కుతుంది కదా.”

“ఎక్కుతుంది.”

“గోనెలు?”

“కట్టే ఉన్నాయి.”

హరిప్రియ చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంది. “మీరు చెప్పకపోతే నేను చెబుతాను. పదండి.”

పోలయ్య వాకిట్లో ఫర్నేసు మనుషులు పదిమంది నిలబడి ఉన్నారు. రమణబాబు వాళ్ల మధ్యకు వెళ్లాడు.

“పోలయ్య తాగలేదు” అన్నాడు. “చిమ్నీలో రేకు దింపడంతో విషగాలి వెనక్కి తన్నింది. అది పీల్చి పోయాడు.”

చిన్నతల్లి ఏడుపు ఆపింది. “ఆ రేకు ఎవులు దింపినారు బాబూ?”

“నేనే.”

ఎవరూ అతని మీదికి రాలేదు. తిట్టలేదు. హరిప్రియకు అతని చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకోలేకపోయింది.

పోలయ్యతో కలిసి దిమ్మలు తోసే అప్పలస్వామి అడిగాడు, “మరి ఆరింటికి మేవేటి సెయ్యాల?”

“రేకు పూర్తిగా ఎత్తెయ్యండి. గోనెలు పీకెయ్యండి. గాలి కొట్టే ఫ్యాను దగ్గరే గాలి తగ్గించాలి, పొగ చూసుకుంటూ కొద్దికొద్దిగా. అలా చేసినా బొగ్గు తగ్గుతుంది. మొదటే అలా చెయ్యాల్సింది.”

“రేకు మేవెత్తితే మేనేజరు ఊరుకుంటాడేటి?”

“నేనెత్తుతాను.”

మనుషులు మిల్లు వైపు కదిలారు. అతను వాళ్ల వెనకాలే నడిచాడు. అతని కోసం ఎవరూ అడుగు తగ్గించలేదు.

హరిప్రియ చిన్నతల్లి పక్కన కూర్చోబోయింది. ఆమె జరగలేదు. భర్త మీది గుడ్డ అంచు సరిచేస్తూ, మొహం తిప్పకుండానే అంది.

“నిజం సెప్పినారు, అది సాలు. పదోరోజుకి మీ ఇంట్లోంచి ఎవులూ రావద్దమ్మా.”