పసుపు అంచు మొలకలు

"కత్తి! ఇది కత్తి పనే!"

తన తోటలో దేవదారు చెట్ల నీడన కూలబడి చిజురు అరిచిన అరుపుకు కొమ్మల మీది కాకులు లేచిపోయాయి. నిన్న మధ్యాహ్నం ఆ మూల, ఆకుల అందం కోసం పెంచే గిబోషి దుంపకు తొమ్మిది మొలకలు ఉన్నాయి. ఇప్పుడు ఒక్కటే ఉంది.

నీలి గిబోషికీ తెల్లచారల గిబోషికీ పుప్పొడి కలిపి, పదకొండేళ్లు సాకి, లేత ఆకుకే పసుపు అంచు వచ్చేలా చేసిన మొక్క అది. లోకంలో అదొక్కటే. రేపు పదింటికి గిబోషి సంఘం పరీక్షకుడు వస్తున్నాడు. కనీసం మూడు మొలకలకు అంచు ఒకేలా ఉంటేనే ఆమె పెట్టిన పేరు సంఘం పుస్తకంలోకి ఎక్కుతుంది.

"జింకేమోలే," అన్నాడు వెనక నిలబడిన భర్త హిసావో.

"జింక కత్తి చేతబట్టుకుని వస్తుందా? చూడండి, ఏటవాలుగా ఎంత శుభ్రంగా కోశారో!"

"అయితే వీధి చివరి మోరియోనే. నీ మొక్కల మీద వాడి కన్ను ఈనాటిదా?"

ఆ మాట చాలు. మోరియో కళ్లు పడకూడదనే ఆ మొక్క దగ్గర పేరు చెక్క కూడా పెట్టకుండా దాచిందామె. నాలుగంగల్లో అతని గేటు దగ్గర ఉంది.

"మోరియో గారూ! నా మొలకలు ఏవి?"

మొక్కల తొట్లు కడుగుతున్న మోరియో తల కూడా ఎత్తలేదు. "నాకు కావాలంటే దుంపతో సహా పీక్కుపోతాను గానీ, తలలు కోసుకుని ఏం చేసుకుంటానమ్మా? పచ్చడి పెట్టుకోనా? మొత్తం కోసేశారా?"

"ఒకటి వదిలారు."

"అదీ సంగతి! కూరకు కోసేటప్పుడు మళ్లీ ఏడాదికి ఉండాలని ఒకటి వదలడం మీ కొండవాళ్ల మర్యాద. నేను పట్నం నుంచి వచ్చినవాణ్ణి, నాకా మర్యాదలెక్కడివి? వాడెవడో దొంగ కాదు తల్లీ, ఆకలిగొన్నవాడు."

చిజురుకు ఒళ్లు మండిపోయింది. తిట్టడానికి వచ్చి పాఠం చెప్పించుకుని ఇంటిదారి పట్టింది.

ఇంట్లో భోజనాల వేళయింది. మోకాళ్లు పట్టేసి రెండేళ్లుగా కొండెక్కలేని మామగారు తన చేత్తో ఉడికించిన ఉరుయిని పుల్లటి మీసో సోయా ముద్దలో కలిపి బల్ల మీద పెట్టాడు. మంచు కరగగానే కొండవాలున లేచే అడవి గిబోషి మొలకలే ఉరుయి. అది నోట పడందే ముసలాయనకు వసంతం వచ్చినట్టు కాదు.

"వాడెవడో దొరికితే," అంటూ చిజురు కోపంగా ఒక ముద్ద నమిలింది, "ఆ కత్తితోనే వాడి..." ఇంకో ముద్ద. "కాస్త పీచుగా ఉంది, మావయ్యా."

"నాకూ అలాగే అనిపించిందమ్మాయ్. కళ్లు కూడా మసకబారాయేమో, ఒక్కో ఆకుకీ పసుపు గీత గీసినట్టు కనిపిస్తోంది."

నమలడం ఆగింది. ఆమె గిన్నె దగ్గరికి లాక్కుని ఒక ఆకు విప్పి చూసింది.

"మావయ్యా, ఇది ఎక్కడిది?"

"కొండ మీదిదే. నిన్న పొద్దుగూకే వేళ తెచ్చిచ్చాడు. ఎలుగుబంట్లు బెదిరిపోవాలని నడుముకు గంట కట్టుకుని మరీ వెళ్లాడు, పాపం. పావుగంటలో తిరిగొచ్చాడు. నా పడుచుతనంలో నేనైనా అంత వేగంగా దిగలేదు!"

బల్లకు అటువైపు ఒకరు సూపు గిన్నెలో ముఖం దాచుకున్నారు.

"దారి మొదట్లోనే ఎలుగు పెంట కనబడింది," అని గిన్నెలోంచి గొణుగు వినిపించింది. "నాన్నకు మాటిచ్చాను. నాలుగు వందల మొక్కల్లో పేరు చెక్క లేనిది అదొక్కటే. పనికిరానిదనుకున్నా. ఒకటి వదిలానుగా..."

"మరి పొద్దున్నుంచి జింక అన్నారు! మోరియో అన్నారు!"

ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆమె ఆయన్ని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. ఇప్పుడు లేచి నిలబడి, వీధి చివరి మోరియో ఇంటిదాకా వినిపించేలా అరిచింది.

"హిసావో!"