ఆకుపచ్చ ట్యాగు

మిన్నీ బే మిట్ట మీద యూనివర్సిటీ వాళ్ళ సముద్ర పరిశోధన క్యాంపస్‌కి మూడంతస్తుల కొత్త భవనం తెరుస్తున్నారు. మొదటినుంచీ తోడున్న మీరు రాకపోతే ఎలాగని అక్కడి సరోజిని మేడమ్ స్వయంగా జంగ్లీఘాట్ రేవుకు వచ్చి పిలిచింది. చేపల వ్యాపారి బంగారురాజు వెళ్ళాడు. తన దగ్గర చేపలు కోసే దేముడమ్మను తోడు తీసుకెళ్ళాడు. భార్య బుల్లమ్మ మాత్రం రానంది. ఆ క్యాంపస్ బోటెక్కి వెళ్ళిన కొడుకు కన్నబాబు తిరిగి రాక మూడేళ్ళు. ఆ గేటు తొక్కనని ఆమె ఒట్టు పెట్టుకుంది.

కింద హాల్లో గోడ పొడవునా క్యాంపస్ చరిత్రను ఫొటోలుగా పెట్టారు. మొదటిదాంట్లో రెండు రేకుల గదులు, ఒక గాజు తొట్టి, అద్దెకు తెచ్చిన చిన్న పడవ. ఆ తొట్టిలోకి వెళ్ళిన మొదటి చేప బంగారురాజుదే. వలలో పడ్డ వింత చేపను ఎవరూ కొనరు. పారేసే బదులు వీళ్ళకిస్తే రేపు ఐసైనా తన దగ్గరే కొంటారని ఆలోచించి ఇచ్చాడు. ఆ లెక్క తప్పలేదు. సునామీ తర్వాత పెద్దల చూపు ఇటు పడింది. ల్యాబులు లేచాయి, హాస్టల్ లేచింది, సొంత బోటు వచ్చింది. ఆ బోటు మీద కన్నబాబుకు ఉద్యోగమూ వచ్చింది. పారేసే సరుకిచ్చి కొడుక్కి నెలజీతం తెచ్చుకున్నాను, ఇంతకన్నా మంచి బేరం ఈ రేవులో ఎవడు చేశాడని అప్పట్లో అందరికీ చెప్పుకుని తిరిగాడు.

ఉద్యోగం చేపలకు ట్యాగులు గుచ్చడం. చేపను పట్టి, వీపున నంబరున్న ప్లాస్టిక్ దారం గుచ్చి, మళ్ళీ నీళ్ళలో వదిలేయాలి. ఆ చేప ఎవరికి దొరికినా ట్యాగు తెచ్చి ఇస్తే అది ఎంత దూరం తిరిగిందో తెలుస్తుంది. తెచ్చినవాడికి ఒక టోపీ ఇచ్చేవారు. చదువుకు మంచిదే. కానీ అబర్డీన్ బజార్‌లో ఆ దారం కనబడితే చాలు, కాలేజీవాళ్ళు సూదిమందు ఎక్కించారని జనం పక్క అంగడికి పోయేవారు. అందుకని కోతబల్ల మీదికి రాగానే పీకి నీళ్ళలో పారేయమని బంగారురాజే దేముడమ్మకు నేర్పాడు.

కన్నబాబు గొడవపడేవాడు. "నాన్నా, నేను గుచ్చినవి నువ్వే పీకిస్తే ఎలా?"

"నీ టోపీ పెట్టుకుంటే నా సేప అమ్ముడౌతాదేటి?" అని నవ్వేసేవాడు తండ్రి.

గోడ చివర గాజు పెట్టెలో దీవుల పటం ఉంది. తిరిగి వచ్చిన పసుపు ట్యాగులను అవి దొరికిన చోట్లలో గుచ్చారు. పక్కనే ఒక ఖాళీ అట్ట. దాని కింద రాసింది సరోజిని మేడమ్ మెల్లగా చదివింది. పసుపువి అయిపోయాక తెప్పించిన ఆకుపచ్చ ట్యాగులు పాతిక. ఆ చివరి ప్రయాణంలోనే మొదటిసారి కన్నబాబు చేతికిచ్చినవి. ఒక్కటీ తిరిగి రాలేదు.

ఆ సంగతి బంగారురాజుకు తెలిసిందే. ఉత్తర దిక్కుకని పుస్తకంలో రాసి బయల్దేరిన బోటు కనుక పన్నెండు రోజులు ఉత్తరానే వెతికారు. వెతకడం ఆపేశాక మేడమ్ ఇంటికి వచ్చి రంగు సంగతి చెప్పింది. ఆనాటి నుంచి రేవులో దిగే ప్రతి చేప వీపూ తడుముతూనే ఉన్నాడు.

వెనకాల దేముడమ్మ నేల మీద కూలబడింది.

"ఒకటొచ్చింది భయ్యా."

అతనికి అర్థం కాలేదు.

"పచ్చది. నానే పీకి ఇసిరేసినాను. ఎతుకుతున్న నాలుగోనాడు. బొంత సేప. నూకన్న తెచ్చినాడు, రట్లాండ్ కాడ పట్టినానన్నాడు."

"మరి అప్పుడే సెప్పలేదేటి?" అన్నాడు బంగారురాజు.

"ఆ రంగు మీ వోడిదని నాకేటి తెలుసు? తెలిసేసరికి ఎతకటం ఆపేసినారు. సెప్తే సంపేస్తావని బయం." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పీకమన్నది నువ్వే గదా."

బొంత చేప తన రాతి సందు విడిచి దూరం పోదు. ఈ మాట క్యాంపస్ వాళ్ళకు చెప్పిందే అతను. రట్లాండ్ దీవి దక్షిణాన ఉంది, అంటే బోటు అటే వెళ్ళింది. నాలుగోనాడు తెలిసి ఉంటే ఇంకా ఎనిమిది రోజులు చేతిలో ఉండేవి. ఎనిమిది రోజులు, అన్ని బోట్లు, ఒక విమానం, అన్నీ దక్షిణానికి తిరిగేవి. జీవితమంతా లాభం చూసి కదిలిన మనిషి ఆ ఎనిమిది రోజులనూ ఎటు తిప్పి చూసినా అవి వచ్చి తన కోతబల్ల దగ్గరే ఆగాయి.

నంబరు గుర్తుందా అని మేడమ్ దేముడమ్మను అడిగింది. లేదు. మేడమ్ ఆ ఖాళీ అట్ట వైపు చూసి, పటంలో రట్లాండ్ దగ్గర ఒక గుర్తయినా పెడతానంది.

"వద్దమ్మా," అన్నాడు బంగారురాజు. "ఖాళీగానే ఉండనీండి."

శాలువా కప్పడానికి మైకులో అతని పేరు పిలిచేసరికి అతను గేటు దాటేశాడు.

ఇంటి గుమ్మంలో బుల్లమ్మ బియ్యం చెరుగుతోంది. అతను రేవు నుంచి రాగానే మూడేళ్ళుగా రోజూ అడిగే మాటే ఇవాళా అడిగింది.

"పచ్చదేమైనా వచ్చిందా?"

రోజూ తల అడ్డంగా ఊపి లోపలికి పోయేవాడు. ఇవాళా ఊపొచ్చు. దేముడమ్మ నోరు విప్పదు, మేడమ్ ఇక ఈ గడప తొక్కదు, ఇల్లు ఇలాగే నడిచిపోతుంది. కానీ కొనేవాళ్ళ కంట పడకుండా ఒక్క దారం ముక్క దాచినందుకు ఏమైందో ఇప్పుడే చూసి వచ్చాడు.

"వచ్చింది," అన్నాడు.

ఆమె చేట వదిలేసి లేచింది. గింజలు గడప దాకా చెదిరాయి. మూడేళ్ళుగా అతను చూడని మొహం అది.

"ఎప్పుడు? ఇవాళేనా?"

బంగారురాజు ద్వారబంధం పట్టుకున్నాడు.

"కూకో బుల్లమ్మా," అన్నాడు. "ఎతుకుతున్న నాలుగోనాడు."