నల్ల తెర మీద నలుపు

మా కంప్యూటర్ సెంటర్‌లో అందరిలా విండోస్ కాక లినక్స్ పెట్టుకున్నందుకు అమలాపురంలో నన్ను వెక్కిరించనివాడు లేడు. నాకు మాత్రం అదే గొప్ప. ఏ తిప్పలొచ్చినా నేనే బాగుచేస్తానన్న పొగరు.

2004 వానాకాలం. ఓ మధ్యాహ్నం సత్యదుర్గగారు తడిసి ముద్దయి వచ్చారు. గల్ఫ్‌లో ఆవిడ భర్త పనిచేసే పడవ మునిగి నాలుగు రోజులైంది. పడవలోని వాళ్ళ జాబితా, ఆయన్ని అక్కడికి పంపిన ఏజెంటు నా మెయిల్‌కి పంపాడు. స్పీకరు ఫోనులో అతని మాట ఇద్దరం విన్నాం: "పచ్చరంగు పేరైతే ఒడ్డు చేరినట్టు. నల్లరంగైతే దొరకనట్టు."

ఫైళ్ళను పేజీ పేజీగా చూపించే లెస్ కమాండుతో తెరిచాను. రంగుల్లేవు. ప్రతి పేరు ముందూ ESC[32m, ESC[30m అంటూ చెత్త. ఒళ్ళు మండింది.

"మీవారి పేరేంటమ్మా?"

ఆవిడ మొగుడి పేరు నోటితో పలకరు. తెర దగ్గరికొచ్చి ఆ చెత్తలోనే ఒకచోట వేలు పెట్టారు. "ఇదిగోనండి, ఉన్నారండి!" అని నవ్వేశారు. వేలి కింద ఏ పేరుందో నాకు కనపడలేదు.

"ఉండండమ్మా, రంగులు తెప్పిస్తాను." కమాండుకు -R తగిలించాను. చెత్త పోయింది. పేర్లు నారుమడిలా పచ్చగా వచ్చాయి. ఆవిడ వేలు మాత్రం ఖాళీ వరస మీద ఉంది.

"ఇప్పుడేగా ఉన్నారండి. ఏరండీ?"

పేరు ఎక్కడికీ పోలేదు. నల్ల తెర మీద నల్లగా ఉంది. ఆ ఖాళీలోంచి ఎవరో మా ఇద్దరినీ చూస్తున్నట్టనిపించి భయమేసింది. మూసేద్దామనుకుంటూనే, పాడు అలవాటు, తెరను తెల్లగా మార్చేశాను. మూడు పేర్లు నల్లగా తేలాయి. ఆవిడ వేలి పక్కన నాగేంద్రబాబు.

ఆవిడ ఏడవలేదు. వేలు ఆ పేరు మీదికి జరిపారు.

"సాయిగారూ, రంగులు తెప్పించింది మీరేకదండీ. ఈయన్ని కూడా పచ్చగా చేసెయ్యండి."

"అలా కాదమ్మా..."

"మారదాండీ?"

"రంగు మారుతుందమ్మా, కానీ..."

"మార్చండి మరి."

ఫైల్లో ఆ పేరు ముందున్న నలుపు కోడు 30ని పచ్చ కోడు 32 చేశాను. ఎందుకు చేశానో ఇప్పటికీ తెలీదు. పేరు పచ్చబడింది.

"ఆయ్, ఇప్పుడు బాగుందండి. అత్తయ్యగారు నాలుగు రోజులై అన్నం ముట్టలేదండి. ఒడ్డు చేరేరని చెప్పి పెడతాను."

నవ్వుకుంటూ వానలోకి వెళ్ళిపోయారు.