కాగితం మీద లేని పిల్లలు

జూలైలో ఒక గురువారం పొద్దున పదిన్నరకు మా కాలనీ సర్కారు బడి ముందు ట్రాలీ ఆటో ఆగింది. ఇద్దరు కూలీలు లోపలికి వెళ్లి బల్లలు మోసుకొచ్చి అందులో వేయడం మొదలుపెట్టారు. ఆ బల్లల మీద కూర్చున్న పిల్లలను లేపి బయటికి పంపారు. ముసురు పడుతోంది. ఇరవై ముగ్గురు పిల్లలు పుస్తకాలు అంగీల కింద దాచుకుని గోడ పక్కన నిలబడ్డారు. ఇది నేను కళ్లారా చూశాను. నేనేం చేశానో కూడా దాచకుండా చెబుతాను.

మాది హుస్నాబాద్ నుంచి కరీంనగర్ పోయే రోడ్డు మీద చిన్న ఊరు. కాలనీలో సగం ఇళ్లు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బతుకుతాయి. నేనూ సాంచా నడిపేవాణ్ణే. కార్మిక సంఘానికి కార్యదర్శిని.

అల్లరి విని శంకరవ్వ సాంచాలకు నూలు కండెలు చుట్టే పని వదిలేసి వచ్చింది. ఆమె మనవరాలు భవ్యశ్రీ అక్కడ మూడో తరగతి. విద్యాశాఖ కార్యాలయం నుంచి వచ్చిన మనిషి ఆమెకు ఒక కాగితం చూపించాడు. ఈ బడిలో ఒక్క విద్యార్థి కూడా లేనందువల్ల దీన్ని పెద్ద రోడ్డు అవతలి బడిలో కలిపేసినట్టు అందులో ఉంది.

"పిల్లలే లేరంటున్నవు. మరి గీ తడుస్తున్నోళ్లెవలు సారూ?" అని అడిగింది శంకరవ్వ.

"కాయితం మీద లేరవ్వా. నన్నేం జెయ్యమంటవ్" అన్నాడు అతను.

ఉన్న ఒక్క టీచరు మమతారాణి కాగితం మీద సంతకం పెట్టింది. తాళం వేసి వెళ్లిపోయారు.

మధ్యాహ్నానికి చాయ్ హోటల్లో ఎవరి తీర్పు వాళ్లు చెబుతున్నారు. సర్కారు కొలువు చేసేవాళ్లకు జీతం వస్తే చాలు, బడి ఉంటే ఎంత, పోతే ఎంత అని ఒకరు. ఆ టీచరమ్మ బిడ్డ చదివేది కొమురెల్లి ఇంగ్లీషు బళ్లో కదా, ఇంకేం కావాలి సాక్ష్యం అని ఇంకొకరు. అన్ని పార్టీలూ ఒక్కటే, అడగడం దండుగ అని మూడో మనిషి. కొమురెల్లి మా వార్డు నాయకుడు. పదేళ్లలో మూడు కండువాలు మార్చాడు. ఆయన నాలుగంతస్తుల బడికీ మా బడికీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఆ గోడ పోతే మా బడి జాగా ఎవరిదవుతుందో ఆ సంగతి మాత్రం హోటల్లో ఎవరూ ఎత్తలేదు. ఎవరు వెళ్లి ఆయన చెవిన వేస్తారోనని పక్కవాడి మొహం చూస్తూ మాట్లాడారు.

సాయంత్రం సాంచాలు ఆపి షెడ్డులోనే మీటింగు పెట్టాం. కంప్యూటర్ సెంటర్ నడిపే నాగరాజు ఫోనులో విద్యాశాఖ లెక్కలు వెతికి భవ్యశ్రీ పేరు పట్టుకున్నాడు. ఆ పేరు కొమురెల్లి బడి లెక్కలో ఉంది. మిగతా ఇరవై రెండు పేర్లూ అక్కడే ఉన్నాయి. పిల్లలు ఇక్కడ కూర్చుంటుంటే పేర్లు గోడ దాటి పోయాయి.

ఎట్లా పోయాయో ఆడవాళ్లకు గుర్తొచ్చింది. మే నెలలో మెడలో కార్డులు వేసుకుని ఇద్దరు అమ్మాయిలు ఇల్లిల్లూ తిరిగారు. సర్కారు బ్యాగులు, బూట్లు ఇస్తుందని చెప్పి పిల్లల ఆధార్ నంబర్లు రాసుకున్నారు, ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగి తీసుకున్నారు. వాళ్లు జబ్బార్ ఆటోలో దిగారని ఎవరో అన్నారు. జబ్బార్ రోజూ కొమురెల్లి బడికి పిల్లలను తీసుకుపోయే మనిషి. అందరూ అతని మీద పడ్డారు.

"బస్టాండ్ల ఎక్కిండ్రు, ఈడ దిగిండ్రు. ఆటో ఎక్కినోళ్లను ఎందుకొచ్చిండ్రని అడుగుతనా?" అన్నాడు జబ్బార్. ఎవరూ నమ్మలేదు. వాళ్లను ఎప్పుడూ నమ్మొద్దు అని వెనక నుంచి ఒక గొంతు అంది. వాళ్లంటే ఎవరో అందరికీ అర్థమైంది. జబ్బార్‌కూ అర్థమైంది. నేను తల దించుకుని కూర్చున్నాను.

అప్పుడే మమతారాణి వచ్చింది. ఆమెకు ఎవరూ చోటివ్వలేదు. నిలబడే హాజరు పట్టీ తెరిచి ఇరవై మూడు పేర్లూ చదివింది. జూన్ నుంచి ఏ రోజు ఎవరు వచ్చారో అందులో ఉంది. సంతకం పెట్టకపోతే ఎక్కడో అడవిలో ఉన్న బడికి పంపుతామని పైవాళ్లు బెదిరించారని చెప్పింది. మరి నీ బిడ్డ సంగతేమిటని శంకరవ్వ అడిగింది.

"అబద్ధమాడ. ఐదు తరగతులకు నేనొక్కదాన్నే. నా బడి మీద నాకే నమ్మకం లేకుండె" అంది మమతారాణి.

ఆ మాట విన్నాక నేను కూర్చోలేకపోయాను. లేచి నిజం చెప్పాను. ఆ అమ్మాయిలు ఎందుకొచ్చారో జబ్బార్‌కు నిజంగానే తెలియదు. వాళ్లు ముందుగా నా దగ్గరికే వచ్చారు. కొమురెల్లి ఫోను చేసి కొంచెం సాయం చేయమన్నాడు. నా బిడ్డ కావ్యకు ఆయన బళ్లో సీటు ఇచ్చిన మొహమాటం నాది. ఓటీపీ చెప్పండి, ఏం కాదు అని ఇంటింటికీ వెళ్లి చెప్పింది నేనే. సంఘం మనిషి చెప్పాడని వాళ్లు నమ్మారు. నేనూ వాళ్లలాగే మోసపోయానని అనుకుని మీటింగులో నా పేరు ఎవరూ ఎత్తలేదు.

నన్ను కొడతారనుకున్నాను. శంకరవ్వ దగ్గరికి వచ్చి నిలబడింది.

"జబ్బార్‌ను గంటసేపు నిలవెట్టి అడుగుతుంటే నీ నోరు యాడ వోయింది? రేపటి సంది నువ్వు ముందట నిలబడు. మేం ఎన్కనుంచి నీ మీద కన్నేసి ఉంటం."

సంఘంలో పన్నెండేళ్లు పనిచేసి నేను నేర్చుకోని పాఠం అది. నాయకుణ్ణి ముందు నడవనివ్వాలి, కానీ కన్ను మాత్రం తీయకూడదు.

శుక్రవారం పొద్దున తాళం పగలగొట్టాం. రెండు వందల మంది దాకా వచ్చారు, ఎక్కువమంది ఆడవాళ్లే. బల్లలు లేవు కాబట్టి సాంచాల మీద నేసిన గుడ్డ నేల మీద పరిచారు. మమతారాణి పాఠం మొదలుపెట్టింది. జబ్బార్ తన ఆటోను గేటుకు అడ్డంగా పెట్టాడు.

పదకొండుకు కొమురెల్లి వచ్చాడు. భవనం పాతబడిందని, పిల్లల మంచికే ఇదంతా అని, ఇరవై ముగ్గురికీ తన బళ్లో ఉచితంగా ఇంగ్లీషు చదువు చెప్పిస్తానని మెల్లగా చెప్పాడు. మాలో కొందరి మనసు ఊగింది. ఇంగ్లీషు ఎవరికి చేదు? ఒకరిద్దరు పిల్లల వైపు అడుగు కూడా వేశారు. శంకరవ్వ చేయి అడ్డం పెట్టింది.

"సర్కారు బడైతే పాఠమెందుకు జెప్తలేవని నిలదీసి అడుగుతం. నీ బళ్లె అడిగితే గేటు కాడ్నే ఆపుతవ్. ఇంగ్లీషు మాకు గావాలె. గీడనే గావాలె."

అడుగు వేసినవాళ్లు వెనక్కి వచ్చారు. కొమురెల్లి నవ్వుతూ కారెక్కాడు. ఆ నవ్వు చూసి అందరం పరేషాన్ అయ్యాం.

నాలుగో రోజు పోలీసులు వచ్చారు. నన్ను, శంకరవ్వను, జబ్బార్‌ను జీపెక్కించారు. సర్కారు ఆస్తి పాడుచేశామని కేసు. మమతారాణిని సస్పెండ్ చేశారు. స్టేషన్లో ఎస్సై ఒకటే ప్రశ్న అడిగాడు: మీ వెనక ఎవరున్నారు? శంకరవ్వ కిటికీ వైపు చూపించింది. బయట సాంచాలు బంద్ పెట్టి వచ్చిన జనం రోడ్డు మీద కూర్చుని ఉన్నారు.

మర్నాడు వదిలారు. బడిని కలిపేసిన ఉత్తర్వు మళ్లీ పరిశీలనలో ఉందని ఆఫీసు చెబుతోంది. ఆ మాటను మేం నమ్మడం లేదు. కావ్యతో సహా ఇప్పుడు ముప్పై ఒక్క మంది నేల మీద కూర్చుని చదువుతున్నారు. చదువుకున్న పోరగాళ్లు వంతుల వారీగా పాఠాలు చెబుతున్నారు. మమతారాణి జీతం లేకుండా రోజూ వస్తోంది.

శనివారం జైనూర్ వైపు అడవిలో ఉన్న ఆదివాసీ గూడెం నుంచి భూమన్న అనే మనిషి వచ్చాడు. ఎవరో తీసిన వీడియో చూశాడట. వాళ్ల బడి కూడా కాగితం మీద ఖాళీ అయింది. చాయ్ ఇస్తే ముట్టుకోలేదు. మీరు ఏ పార్టీ, మిమ్మల్ని ఎవరు పంపుతున్నారు, మా దగ్గరికి వచ్చి ఓట్లు అడుగుతారా అని ఒక్కొక్కటే అడిగాడు.

"మమ్ముల నమ్మకు. మేమొచ్చి మీ బడి జూస్తం, నువ్వు మాది జూడు. నమ్ముడు సంగతి ఎన్క జూద్దాం" అంది శంకరవ్వ.

అప్పుడు భూమన్న చాయ్ తాగాడు.

ఆదివారం పొద్దున భూమన్న గూడేనికి పోదామని పదకొండు మందిమి బస్టాండుకు వెళ్లాం. అక్కడ ఒక కానిస్టేబుల్ పుస్తకం తెరిచి మా పేర్లు అడిగాడు. ఎవరూ మొహం తిప్పుకోలేదు. ఇంటిపేరుతో సహా చెప్పాం, అక్షరం తప్పు పోకుండా నిలబడి రాయించాం, బస్సెక్కాం.